తవుడు కాపడం

మండపేటలో రైస్ మిల్లు వెనక, షావుకారు గారు ఇచ్చిన రెండు గదుల ఇంట్లో మేం పదకొండేళ్ళు ఉన్నాం. మా ఆయన మిల్లులో లారీల పని చూసేవారు. ధాన్యం లారీ గేటు దాటి లోపలికొస్తే దాన్ని వెనక్కి తీయించి కొట్టు గుమ్మానికి ఆనించాలి. పొద్దస్తమానం చెయ్యి ఊపుతూ "రానీ, రానీ, రానీ... ఆపు!" అంటూనే ఉండేవారు. నిద్రలో కూడా ఒక్కోసారి చెయ్యి ఊపితే "ఇక్కడ లారీలేం లేవు, పడుకోండి" అని విసుక్కునేదాన్ని. తొంభైల మధ్యలో ఒక మాఘమాసం, మధ్యాహ్నం పూట, ఆయన "ఆపు" అనడం ఒక్క క్షణం ఆలస్యమైంది.

గుమ్మం పక్కన ఎండ కాగుతూ పడుకున్న కుక్క లేచి తప్పుకోబోయింది. లారీ వెనక చెక్క దాని నడుం మీద కొట్టింది. అది అరిచిన అరుపు మా వంటింట్లోకి వినిపించి, చేతిలో గరిటతోనే పరిగెత్తాను. ముందు కాళ్ళతో నేలని గీరుకుంటూ పోతోంది. వెనక సగం తడి గోనె సంచిలా ఈడ్చుకుంటూ వస్తోంది. మా ఆయన దాని వెనకాలే నడుస్తున్నారు, చెయ్యి ఇంకా అలాగే పైకెత్తి ఉంది. ఆయన మొహం చూస్తే నాకు కుక్క సంగతి మర్చిపోయి ఆయన గురించే భయమేసింది.

అది మిల్లు కుక్క. ఆడది, గోధుమరంగు, ఒక చెవి సగం తెగిపోయి ఉండేది. ఎవరూ పేరు పెట్టలేదు. "ఒసేవ్" అంటే వచ్చేది, "పో" అంటే మాత్రం పోయేది కాదు. కొట్లో ఎలకల పని పడుతుందని షావుకారు గారు దాన్ని ఉండనిచ్చారు. రోజూ మా గుమ్మంలో ఒక ముద్ద తినేది. అంతకు మించి నాకూ దానికీ ఏ చుట్టరికమూ లేదనే అనుకునేదాన్ని.

రిక్షాలో గోనె పరిచి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు గారికి గేదెలూ దూడలే లోకం. కుక్కని తెచ్చామంటే నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. బల్ల మీద పడుకోబెట్టి వెన్ను పొడవునా వేళ్ళతో తడిమారు. తర్వాత వెనక కాలి వేలు ఒకటి పట్టుకుని గట్టిగా నొక్కారు. కాలు చటుక్కున ముడుచుకుంది.

"లాగింది సార్! బాగానే ఉంది!" అన్నారు మా ఆయన.

"కాలు లాగడం కాదండీ, అది దానంతటదే లాగుతుంది. తల చూడండి. నొప్పి తలకి తెలిస్తే తిరిగి చూస్తుంది, అరుస్తుంది, కరవడానికి వస్తుంది. ఇది చూసిందా?"

చూడలేదు. గోడ వంక చూస్తూ రొప్పుతోంది.

"వెన్ను విరగలేదు. లోపల నరం నలిగింది. కొన్ని కోలుకుంటాయి, కొన్ని కోలుకోవు. కాలవలు కట్టేసేలోపు, వేలు నొక్కితే తిరిగి చూసిందనుకోండి, నడక రావడానికి ఆశ ఉన్నట్టే. అప్పటికీ చూడకపోతే నా దగ్గరికి తీసుకురండి, ఇంజెక్షన్ ఇస్తాను. పుళ్ళు పడి చావడం కంటే అదే నయం."

ఏటా ఎండలు ముదరగానే, పూడికలు తీయడానికీ గట్లు బాగుచెయ్యడానికీ గోదావరి కాలవలకి నీళ్ళు ఆపేస్తారు. అదే కాలవలు కట్టేయడం. మా వైపు ఇల్లు కట్టినా, పెళ్ళి పెట్టుకున్నా అదొక గడువు. ఆ యేడు ఒక కుక్క ప్రాణానికి కూడా అదే గడువైంది.

ఏం చెయ్యాలో డాక్టరు గారు దగ్గరుండి చూపించారు. రోజుకి మూడు పూటలు వెనక కాళ్ళు పట్టుకుని సైకిల్ తొక్కించినట్టు తిప్పాలి. పొట్ట కింద నొక్కి మూత్రం పోయించాలి. ఒకే పక్కన పడుకోనివ్వకుండా పక్కలు మారుస్తూ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, నీళ్ళలో నడిపించాలి. "నీళ్ళలో ఒంటి బరువు తెలీదు, కాళ్ళకి పాత అలవాటు గుర్తొస్తుంది. పెద్ద పెద్ద ఊళ్ళలో దీనికోసం తొట్లు కడతారట. మీకు కాలవే ఉందిగా" అన్నారు.

ఇంటికొచ్చాక నేను అంతెత్తున లేచాను. "కుక్కకి మూత్రం పోయించడానికేనా మా వాళ్ళు నన్ను కని మీకిచ్చి చేసింది? రేపట్నుంచి నలుగురూ నన్ను ఏమని పిలుస్తారో తెలుసా?" అన్నాను. ఆయన దాని పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. ఎంత తిట్టినా ఎదురు చెప్పని మనిషితో కాపురం ఎంత కష్టమో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. తలెత్తి, "నేను చెయ్యి ఊపబట్టే కదే ఆ డ్రైవరు వెనక్కొచ్చాడు" అన్నారు. అంతే.

మర్నాడు డ్యూటీకెళ్ళిన మనిషి లారీ ముందు నిలబడి చెయ్యి ఎత్తలేకపోయారు. డ్రైవరు కిందికి దిగి "ఏమైందండీ గుమాస్తా గారూ" అని అడిగితే పక్కకి వెళ్ళి కూర్చున్నారట. షావుకారు గారు మంచివారు కాబట్టి కొన్నాళ్ళు లోపల కొట్లో పని చూడమన్నారు. "కుక్క లేస్తే నేనూ లేస్తానండి" అని ఆయనతో చెప్పారట ఈయన. ఆ మాట మిల్లంతా చెప్పుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మనిషి ఉత్తి మాట చెప్పే రకం కాదు.

ఇంకేం చేస్తాను, నడుం బిగించాను. తెల్లారగానే ఆయన దాన్ని ఎత్తుకుని కాలవ రేవులోకి దిగేవారు. పాత తువ్వాలు పొట్ట కింద వేసి, రెండు కొసలూ పైకి పట్టుకుని, మొలలోతు నీళ్ళలో నడిపించేవారు. నేను మెట్ల మీద నిలబడి దాని కాళ్ళు కదులుతున్నాయో లేదో చూసి చెప్పాలి. గిన్నెలు తోముకునే ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఏమండోయ్, కుక్కకి ఈత నేర్పిస్తున్నారా? తర్వాత మా ఆయనకి కూడా నేర్పండి!" అనేవారు. "మీ ఆయన్ని ముందు ఇలా తువ్వాల్లో పట్టుకు రండి, చూద్దాం" అనేదాన్ని నేను. అందరం నవ్వేవాళ్ళం. ఆయన తప్ప.

మధ్యాహ్నం పని నాది. కాళ్ళు తిప్పడం, పక్క మార్చడం, పొట్ట నొక్కడం. మొదటి వారం ముక్కు మూసుకుని చేశాను. రెండో వారం ముక్కు సంగతే మర్చిపోయాను. అది నా మొహం వంకే చూస్తూ పడుకునేది. నేను దాన్ని తిడుతూ ఉండేదాన్ని. "మహారాణీ, ఇంకో కాలు ఇవ్వు. నా అత్తగారికి కూడా ఇన్ని సేవలు చెయ్యలేదు తెలుసా?" తిట్టినకొద్దీ దానికి సంతోషం, ముందు కాలు నా ఒళ్ళో పెట్టేది. మా పిల్లాడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న రోజులు. పగలంతా ఆ ఇంట్లో నేను మాట్లాడింది దానితోనే.

ఎవరేం చెబితే అది చేశాం. వీధి చివర రిటైరైన మేష్టారొకరు హోమియో పెట్టె పెట్టుకుని ఊరందరికీ మందులిచ్చేవారు. దెబ్బలకని పంచదార గుళికలు ఇచ్చారు. తియ్యగా ఉంటాయని అది నాలుక చాపుకుని ఎదురుచూసేది. పశువులకి విరిగిన కాళ్ళు కట్టే ముసలాయన ఒకాయన ఉంటే ఆయన్నీ పిలిపించాం. దాని నడుం తడిమి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఎముకైతే కడతానమ్మా. నరానికి కట్టేం కడతాం? పక్షవాతం వచ్చిన మనిషికి చేసినట్టే చెయ్యండి. ఆముదం రాయండి, వెచ్చగా ఉంచండి" అని చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

రోజూ ఉదయం, సాయంత్రం వేలు నొక్కి చూసేవాళ్ళం. ఆయన నొక్కేవారు, నేను దాని తల వంక చూసేదాన్ని. "చూసిందా?" అనేవారు. "లేదు." మర్నాడు మళ్ళీ "చూసిందా?" "లేదండీ." ఒక రోజు నాకే ఉండబట్టలేక అబద్ధం చెప్పేద్దామనుకున్నాను. చెప్పినా రెండోసారి నొక్కుతారు కదా.

నెలన్నర దాటాక తోక కొస కదిలింది. నీళ్ళలో కుడి కాలు రెండుసార్లు దానంతటదే తోసింది. నేను మెట్ల మీద నుంచి అరిచిన అరుపుకి గిన్నెలు తోముతున్న వాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఆ రోజు ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. పరుగున వెళ్ళి డాక్టరు గారికి చెబితే, "మంచిదే. కానీ తల చూడండి" అన్నారు. ఎంత ఒళ్ళుమండిందో! ఒక్క మంచి మాట అంటే ఆయన సొమ్మేం పోయింది?

అంతలోకి కాలవలు కట్టేశారు.

నాలుగు రోజుల్లో నీళ్ళు మోకాళ్ళకి, తర్వాత పాదాలకి దిగి, ఆపైన బురద, చచ్చిన చేపలు, పగిలిన సీసాలు బయటపడ్డాయి. కుక్కని దింపడానికి జానెడు నీళ్ళు లేవు. డాక్టరు గారు ఇంకో పది రోజులు చూద్దామన్నారు. నీళ్ళలో నడక ఆగిపోయేసరికి దాని కాళ్ళు బిగుసుకోవడం మొదలైంది. రెండు నెలలు మేం పడ్డ పాటు నా కళ్ళ ముందే వెనక్కి పోతోంది. మా ఆయన తిండి మళ్ళీ తగ్గిపోయింది. సరిగ్గా అప్పుడే కాకినాడ పోర్టులో బియ్యం లోడు దగ్గర నిలబడ్డానికి షావుకారు గారు ఆయన్ని మూడు రోజులు పంపారు. గుమ్మం దిగుతూ, "నొక్కి చూస్తూ ఉండు. కాలు కాదు, తల చూడు" అని పదిసార్లు చెప్పి వెళ్ళారు.

ఆయన వచ్చేసరికి ఏదో ఒకటి చేసి చూపించాలని నాకు పంతం పట్టుకుంది. మా ఇళ్ళలో బాలింతకి నడుం నొప్పయినా, పెద్దవాళ్ళకి కాళ్ళు పట్టేసినా తవుడు కాపడమే. మిల్లు వెనక ఉంటూ తవుడుకి కరువా? ఇనప మూకుడులో తవుడు, కల్లుప్పు వేసి వేయించి, పాత పంచె ముక్కలో మూట కట్టి నొప్పి ఉన్నచోట అద్దుతాం. వేడి ఎంత ఉండాలి, ఎంతసేపు ఉంచాలి అనేది పెట్టేవాళ్ళు చూసుకోరు. పెట్టించుకునేవాళ్ళే చెబుతారు. "అబ్బా" అంటే తీస్తాం. "హాయిగా ఉందే" అంటే ఉంచుతాం. మా అమ్మ అలాగే చేసేది, నేనూ అలాగే చేసేదాన్ని. నిప్పుల మీద గిన్నెలు దింపీ దింపీ మొద్దుబారిన నా చేతులకి వేడి ఎప్పుడు తెలిసింది కనుక?

మొదటి మూట నడుం మీద అద్దాను. కిక్కురుమనలేదు. వేడి చాలలేదేమో అనుకుని మళ్ళీ పొయ్యి మీద పెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాను. అద్దాను. మెదల్లేదు. "బంగారుతల్లివే, ఎంత ఓర్పే నీకు" అని మెచ్చుకున్నాను కూడా. రెండు నెలలుగా పొద్దునా సాయంత్రం దానికి స్పర్శ లేదని చూస్తున్న మనిషిని నేనే. అది అరుస్తుందేమోనని ఎదురుచూస్తున్నదీ నేనే. ఈ రెండూ నా బుర్రలో ఒకచోటికి రాలేదు. చేత్తో పట్టుకు కూర్చుంటే పని సాగదని మూటని పిరుదుల మీద పెట్టి, పంచె కొసలు పొట్ట చుట్టూ తిప్పి ముడి వేసి లేచాను.

మర్నాడు సాయంత్రం పక్క మారుస్తుంటే నా అరచేతికి జుట్టు అంటుకొచ్చింది. జుట్టుతో పాటు తోలు. కింద తెల్లగా, ఉడికిన మాంసంలా ఉంది. పసుపు, కొబ్బరినూనె కలిపి రాసి, గుడ్డ కప్పి, ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను? ఆయన కాకినాడ నుంచి వచ్చీ రాగానే దాని దగ్గర కూర్చుని గుడ్డ ఎత్తబోతే, "పడుకుని పడుకుని ఒరుసుకుపోయిందండీ, మందు రాశాను, గాలి తగలనివ్వకండి, మానేదాకా వేళ్ళు కూడా నొక్కకండి" అన్నాను. ఆయన నమ్మారు. నేను చెబితే నమ్మకుండా ఎప్పుడున్నారు గనక. అలా ఇంకో మూడు రోజులు పోయాయి. ఎండలు మండిపోతున్నాయి. ఈగలు మొదలయ్యాయి. నాలుగో రోజు అది ముద్ద ముట్టుకోలేదు, ఒళ్ళు కాలిపోతోంది. ఆయన గుడ్డ తీసేశారు. వాసనకి ఒక అడుగు వెనక్కి వేశారు. నా వంక ఒక్కసారి చూసి, వెళ్ళి రిక్షా పిలుచుకొచ్చారు.

డాక్టరు గారు పుండు చూసిన క్షణంలోనే ఆయన మొహం మారిపోయింది.

"ఎవరు కాల్చారు దీన్ని?"

నేను రిక్షాలో పరిచిన గోనె మడత పెట్టడం మొదలుపెట్టాను.

"నేనేనండి" అన్నారు మా ఆయన. "కాపడం పెట్టాను. తెలీక."

"తెలీకేంటండీ! స్పర్శ లేని ఒంటి మీద కాపడం పెడతారా? మిమ్మల్ని చూసి ఎంత బుద్ధిమంతులో అనుకున్నాను. గేదెల్ని కాసుకునేవాడికి ఉన్న జ్ఞానం లేదే మీకు!" ఇంకా ఏవేవో అన్నారు. దూడల్ని తోలుకొచ్చిన రైతులు అటు తిరిగి చూస్తున్నారు. మా ఆయన చేతులు కట్టుకుని, తల వంచుకుని అన్నీ పడ్డారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నిలబడే ఉన్నాను.

కాంపౌండరు మందు నీళ్ళు పోసి చచ్చిన తోలు తీయడం మొదలుపెట్టాడు. వెనక కాళ్ళు నేను పట్టుకున్నాను. రెండోసారి పట్టకారు తగిలేసరికి అది గిరుక్కున వెనక్కి తిరిగి నా మణికట్టు కరిచింది. పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ కరవని కుక్క. "ఆగవయ్యా" అన్నారు డాక్టరు గారు. దగ్గరికొచ్చి, పుండుకి దూరంగా, కాలి వేలు పట్టుకుని నొక్కారు. అది కుయ్యిమని ఆయన చేతి వంక తిరిగి చూసింది. రెండో కాలు నొక్కారు. మళ్ళీ చూసింది.

"చూసింది! చూసింది సార్!" మా ఆయన నవ్వుతున్నారు. నా చేతి నుంచి రక్తం కారుతుంటే, దాని తల రెండు చేతుల్లో పట్టుకుని, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. "తిరిగి చూస్తే ఆశ ఉన్నట్టే అన్నారు కదండీ!"

డాక్టరు గారు పుండులోకి పట్టకారు దించి పైకి తీశారు. అది ఎంత లోతు దిగిందో మేమూ చూశాం.

"తోలొక్కటే కాదండీ, కండ కూడా పోయింది. కింద కీలు కనిపిస్తోంది. చీము ఒళ్ళంతా పాకింది. ఇది నా చేతిలో పని కాదు." గొంతు తగ్గించారు. "స్పర్శ రాకపోయి ఉంటే ఇంకో రెండు రోజులు చూద్దురు గాని అనేవాణ్ణి. వచ్చేసింది. ఇప్పుడు దీనికి అంతా తెలుస్తోంది. ఇలా ఉంచకూడదు."

మా ఆయన నవ్వు అలాగే కాసేపు మొహం మీద ఉండిపోయింది. తర్వాత తల ఊపారు. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు ఆయన దాని తల వదల్లేదు. నేను కాళ్ళు వదల్లేదు. అది ఆయన మొహం వంకే చూస్తూ పోయింది.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో ఆయన నా మణికట్టుకి కట్టిన గుడ్డ సర్దారు. మిల్లు గొట్టం కనిపిస్తుండగా అడిగారు.

"ఎంతసేపు ఉంచావు?"

"చల్లారేదాకా" అన్నాను.

మళ్ళీ అడగలేదు. ఆ రోజూ అడగలేదు, తర్వాత ఇన్నేళ్ళలోనూ అడగలేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేను బాగుపడేదాన్ని. డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి నిజం చెబుదామని రెండుసార్లు బయల్దేరి గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. మా ఆయన మళ్ళీ ఎప్పుడూ లారీకి చెయ్యి ఊపలేదు. ఆయనకి లోపల కొట్లోనే పని ఖాయం చేశారు. తన వల్లే అంతా జరిగిందని ఆయన, కాదని చెప్పే ధైర్యం లేక నేను, అలాగే గడిపేశాం.

ఆయనకి తెలిసింది ఆ చల్లారేదాకా అన్న మాట వరకే. తెలియనిది ఒకటుంది. రెండో మూట ముడి వేసి నేను లేవబోతుంటే, కుక్క తల తిప్పి చూసింది. నా వంక కాదు, తన నడుం వంక. ఒక్క క్షణం చూసి, తర్వాత నా మొహం వంక చూసింది. వేలు నొక్కినప్పుడు మాత్రమే తల చూడాలని అలవాటు పడ్డ దాన్ని, నాకేం తట్టలేదు.

"ఏంటే, హాయిగా ఉందా?" అని తల నిమిరి, పొయ్యి మీద అన్నం మాడిపోతుందని లోపలికి వెళ్ళాను.